ఇండిగో విజయం ఎవరి ఖాతాలో?

2005 జూన్‌లో పారిస్ ఎయిర్ షోలో ఎయిర్‌బస్ కంపెనీకి ఓ పెద్ద ఆర్డర్ అందింది. 100 ఏ320 విమానాలు. కొనేది ఓ భారతీయ సంస్థ. అప్పటికి ఆ సంస్థకు సొంతంగా ఒక్క విమానం లేదు, అది ఒక్క టికెట్ కూడా అమ్మలేదు. ఏడాది గడిచాక 2006 ఆగస్టు 4న ఇండిగో పేరుతో దాని తొలి విమానం ఢిల్లీలో లేచి గువాహటి మీదుగా ఇంఫాల్ చేరింది. ఆరేళ్లు తిరిగేసరికి జెట్ ఎయిర్‌వేస్‌ను దాటి దేశీయ మార్కెట్లో మొదటి స్థానంలో కూర్చుంది. ఇప్పుడు దేశంలోపల విమానమెక్కే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు ఇండిగో ప్రయాణికులే. 2024–25లో 11.8 కోట్ల మందిని మోసి 7,258 కోట్ల రూపాయల లాభం చూపించింది.

విమానాల వ్యాపారంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లే తప్ప మిగుల్చుకున్నవాళ్లు అరుదైన దేశం మనది. ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్, కింగ్‌ఫిషర్, జెట్, గో ఫస్ట్... మూతపడిన పేర్లు రాసుకుంటూ పోతే పేజీ నిండుతుంది. వాటి మధ్య ఒక్క కంపెనీ ఇంత ఎత్తుకు ఎదిగితే ఇది ఎవరి ఘనత అన్న ప్రశ్న రాకమానదు. ఆ జవాబును బట్టే లాభంలో ఎవరికెంత వాటా, నియమాలు ఎవరి మాట విని రాయాలి, కష్టకాలంలో ఎవరి జీతం కోయాలి అన్నవి నిర్ణయమవుతున్నాయి. కాబట్టి ఇది కాలక్షేపం కబురు కాదు.

చౌక విమానయానం అనగానే తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది ఇండిగో కాదు. సూర్య హీరోగా సుధా కొంగర తీసిన ‘ఆకాశం నీ హద్దురా’. 2020లో ఓటీటీలో వచ్చిన ఆ సినిమాకు ఆధారం కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్ జీవితం. సైన్యం నుంచి బయటికొచ్చి, హాసన్ జిల్లాలో పట్టుపురుగులు పెంచి, హెలికాప్టర్ల కంపెనీ నడిపి, 2003 ఆగస్టులో బెంగళూరు నుంచి హుబ్బళ్లికి ఎయిర్ డెక్కన్ తొలి విమానం ఎగరేసిన మనిషి ఆయన. మరుసటి నెలలోనే హైదరాబాద్–విజయవాడ ప్రారంభ విమానానికి బేగంపేటలో ఇంజిన్‌లో మంటలు రేగి ప్రయాణం ఆగిపోయింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. కొత్త కంపెనీకి అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. అయినా గోపీనాథ్ వెనక్కి తగ్గలేదు. రూపాయి టికెట్ పెట్టారు. ఏజెంట్ల చుట్టూ తిరగకుండా ఇంటర్నెట్‌లో టికెట్ కొనడం అలవాటు చేశారు. రైల్లో స్లీపర్ క్లాసు దాటని కుటుంబాలను విమానాశ్రయం గుమ్మం తొక్కించారు.

సినిమా హీరో గెలుపుతో ముగిసింది. కంపెనీ కథ అక్కడితో ఆగలేదు. నష్టాలు మోయలేక 2007లో ఎయిర్ డెక్కన్ కింగ్‌ఫిషర్ అధినేత విజయ్ మాల్యా చేతికి వెళ్లింది, కింగ్‌ఫిషర్ రెడ్‌గా పేరు మారింది. 2011లో ఆ చౌక సేవను ఆపేస్తున్నట్లు మాల్యా ప్రకటించారు, 2012 అక్టోబర్‌లో కింగ్‌ఫిషరే నేలకు దిగింది.

ఇండిగో తొలి టికెట్ అమ్మేనాటికి చౌక విమానం అంటే ఏమిటో జనానికి గోపీనాథ్ మూడేళ్లుగా నేర్పించి ఉన్నారు. మార్కెట్ ఆయన తయారుచేసిందే. ఇండిగో చరిత్ర రాసేవాళ్లు ఆయనకు ఒక అధ్యాయం బాకీ ఉన్నారు. కానీ చౌకగా అమ్మడం వేరు, చౌకగా నడపడం వేరు. టికెట్ ధర తగ్గించడం ఒక్క పూటలో చేయొచ్చు. ఖర్చు తగ్గించడానికి ఏళ్లు పడుతుంది. ఎయిర్ డెక్కన్ మొదటి పని అద్భుతంగా చేసి రెండో దాని దగ్గర తడబడింది. ఇండిగో రెండో పనితోనే మొదలుపెట్టింది.

ఆ తేడాకు మూలం ఇద్దరు మనుషులు. రాహుల్ భాటియా ఢిల్లీవాసి, ట్రావెల్ వ్యాపారంలో ఉన్న కుటుంబం, 1989లో ఇంటర్‌గ్లోబ్ సంస్థ పెట్టారు. రాకేశ్ గంగ్వాల్ కాన్పూర్ ఐఐటీలో చదివి అమెరికా వెళ్లి, యునైటెడ్‌లో పనిచేసి, యూఎస్ ఎయిర్‌వేస్‌కు సీఈఓగా చేసినవారు. ఒకరికి ఇక్కడి నేల తెలుసు, ఇంకొకరికి అక్కడి బేరం తెలుసు. విమానం కొనడంలో జాబితా ధర అనేది పేరుకే. ఎంత తగ్గింపు దొరుకుతుందన్నది ఎన్ని కొంటున్నారు, ఎవరు కొంటున్నారు, అమ్మేవాడికి ఎంత అవసరం ఉంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. భారత్‌లో పట్టు పెంచుకోవాలనుకున్న ఎయిర్‌బస్‌కు పెద్ద కొనుగోలుదారు కావాలి. ఒకేసారి వంద కొంటామన్న మాట మీద ఇండిగోకు దక్కిన తగ్గింపు మామూలుది కాదని పరిశ్రమలో అందరూ ఒప్పుకుంటారు.

అసలు చమత్కారం ఆ తర్వాత ఉంది. కారుచౌకగా కొన్న విమానం ఫ్యాక్టరీ నుంచి బయటికొస్తూనే లీజు కంపెనీకి మార్కెట్ ధరకు అమ్మేస్తారు. అదే విమానాన్ని ఐదారేళ్లకు అద్దెకు తీసుకుంటారు. కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య మిగిలింది చేతికి నగదుగా వస్తుంది. భారీ మరమ్మతుల వయసు రాకముందే విమానం వెనక్కి వెళ్లిపోతుంది, దాని స్థానంలో కొత్తది వస్తుంది. కొత్త విమానం ఇంధనం తక్కువ తాగుతుంది, షెడ్డులో తక్కువ రోజులు ఉంటుంది. పైగా అన్నీ ఒకే రకం. పైలట్ శిక్షణ ఒకటే, విడిభాగాల గోదాము ఒకటే, ఓ విమానం మొరాయిస్తే ఇంకోదాన్ని దాని స్థానంలో పెట్టడం తేలిక. 2017లో చిన్న ఊళ్ల కోసం ఏటీఆర్‌లు తెచ్చేదాకా పదకొండేళ్లు ఇండిగో ఏ320 కుటుంబం దాటి పక్కకు చూడలేదు. 2011లో 180, తర్వాత 250, 2019లో 300, 2023లో 500... ఆర్డర్ల మీద ఆర్డర్లు పెడుతూనే ఉంది. చక్రం ఆగితే నగదు ఆగుతుంది కాబట్టి ఆగకూడదు.

అయితే రహస్యమంతా ఆ ఆర్డర్ కాగితంలోనే ఉందా? ఉంటే మన విజయవాడ కంపెనీ ఎయిర్ కోస్టా ఇంకోలా ఉండేది. 2013 అక్టోబర్‌లో మొదలైన ఎయిర్ కోస్టా మరుసటి ఏడాదే సింగపూర్ ఎయిర్ షోలో ఎంబ్రాయర్‌తో 50 కొత్త జెట్లకు ఒప్పందం చేసుకుంది. విజయవాడ, విశాఖ, తిరుపతి లాంటి ఊళ్లను కలపాలన్న ఆలోచన సరైనదే. ఆ విమానాలు జనం ఎక్కారు కూడా. కానీ చేతిలో ఉన్న విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఒకటి ఆగితే రోజు టైమ్‌టేబుల్ అంతా కుప్పకూలేది. లీజు బాకీలు పెరిగి 2017 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఆగిపోయింది. పెద్ద ఆర్డర్ ఉన్నంతమాత్రాన కంపెనీ నిలబడదని తేల్చడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. ఆర్డర్ వెనక డబ్బు దన్ను, అది అందేదాకా ఓపిక కూడా కావాలి.

గో ఫస్ట్ కథ ఇంకా తీక్షణమైన పాఠం. అది ఇండిగో కన్నా ముందే, 2005 చివర్లో గోఎయిర్‌గా మొదలైంది. అదే ఏ320, అదే చౌక ధర, అదే మార్కెట్. తర్వాత రోజుల్లో అదే ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ కూడా. ఆ ఇంజిన్లలో లోపాలు బయటపడ్డప్పుడు గో ఫస్ట్ విమానాల్లో సగం నేలమీద నిలిచిపోయాయి, 2023 మేలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఇండిగోలోనూ 70కి పైగా విమానాలు ఆగిపోయాయి. కానీ 300కు పైగా ఉన్నవాడికి 70 పోవడం దెబ్బ. అరవైకి లోపు ఉన్నవాడికి సగం పోవడం చావు. కాబట్టి భాటియా, గంగ్వాల్‌లకు ఇవ్వాల్సిన పేరు నిస్సంకోచంగా ఇవ్వాలి. చౌక విమానం ఆలోచన వాళ్లది కాదు. కానీ దెబ్బలు తట్టుకునేంత లోతు ఉండాలని మొదటి రోజునే గుర్తించి, ఆ లోతుకు సరిపడా తవ్వింది వాళ్లు.

వాళ్లిద్దరూ చివరికి ఎలా విడిపోయారో దేశమంతా చూసింది. చెరో మూడో వంతుకు పైగా వాటా ఉన్న స్నేహితులు. 2019 జులైలో గంగ్వాల్ కంపెనీ పాలన తీరు మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి ఫిర్యాదు చేశారు. భాటియా సంస్థలతో ఇండిగో చేసుకున్న లావాదేవీలు సవ్యంగా లేవన్నది ఆయన వాదన. భాటియా వర్గం దాన్ని కొట్టిపారేసింది. 2022 ఫిబ్రవరిలో గంగ్వాల్ బోర్డు నుంచి తప్పుకుని వాటా అమ్ముకుంటూ వచ్చారు. ఈ గొడవ మూడేళ్లు నడిచినా విమానాలు వేళకు లేచాయి, మార్కెట్ వాటా పెరిగింది. వ్యవస్థాపకులు కొట్టుకున్నా కంపెనీ ఆగలేదంటే, అప్పటికే అది వేరేవాళ్ల చేతుల మీద నడుస్తోందన్నమాట.

ఎవరా వేరేవాళ్లు?

బయటివాళ్లకు తెలిసిన పేరు ఆదిత్య ఘోష్. వృత్తిరీత్యా న్యాయవాది. 2008లో ఆయన ఇండిగో అధ్యక్షుడైనప్పుడు పీపా చమురు ధర 147 డాలర్లు తాకింది. ప్రపంచ ఆర్థిక సంక్షోభం తలుపు తడుతోంది. ఆ ఏడాది నుంచే ఇండిగో లాభాల్లోకి వచ్చింది. 2011–12లో దేశంలోని విమాన సంస్థలు నష్టాల్లో ఈదుతుంటే లాభం చూపించింది ఇండిగో ఒక్కటే. అప్పట్లో వేడి భోజనం లేదు, బిజినెస్ క్లాస్ లేదు, తరచూ ఎక్కేవాళ్లకు పాయింట్లు లేవు. ఉన్నది ఒక్కటే, వేళకు బయల్దేరడం. పదేళ్ల పాటు ఆ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడటం తేలిక కాదు. పోటీదారులు బిర్యానీ పెడుతుంటే, సోఫాలాంటి సీట్లు వేస్తుంటే, మనమూ వేద్దామన్న ఒత్తిడి రోజూ ఉంటుంది. ఆ ఒత్తిడిని కాదని నిలబడ్డది ఘోష్, అంతకు ముందు అమెరికా నుంచి వచ్చిన తొలి సీఈఓ బ్రూస్ ఆష్‌బీ. ఇందులో వాళ్ల వాటా కాదనలేనిది.

వేళకు బయల్దేరడం అనేది సీఈఓ గదిలో జరిగే పని కాదు. అది కాంక్రీట్ మీద, ఎండలో, విమానం కడుపు కింద జరుగుతుంది. శంషాబాద్‌లో ఇండిగో విమానం వచ్చి ఆగిన క్షణం నుంచి చూడాలి. చక్రాలకు అడ్డుకట్టెలు పడతాయి. మెట్లకు బదులు ఏటవాలు ర్యాంపులు తలుపులకు ఆనుకుంటాయి. పసిపిల్లను ఎత్తుకున్న తల్లి, మోకాళ్ల నొప్పుల పెద్దాయన, చక్రాల కుర్చీలోని మనిషి, అందరూ ఆగకుండా దిగిపోతారు. ర్యాంపు సౌకర్యం కోసమే అనిపిస్తుంది కానీ అది నిమిషాలు కూడా మిగులుస్తుంది. ఆఖరి ప్రయాణికుడు దిగకముందే క్యాబిన్ క్రూ సీట్ల సందుల్లో చెత్త ఏరుతూ, బెల్టులు సర్దుతూ వస్తుంటారు. కింద లోడర్లు నడుం వంచి సరకు గదిలో దూరి సూట్‌కేసులు లాగుతుంటారు. రెక్క కింద ఇంధనం గొట్టం బిగుస్తుంది. పైలట్లలో ఒకరు కిందికి దిగి విమానం చుట్టూ ఓ చుట్టు తిరిగి టైర్లు, ఇంజిన్ ముఖం పరీక్షిస్తారు. ఇదంతా అరగంట అటూ ఇటూగా ముగిసి మళ్లీ తలుపు మూయాలి.

లెక్క చూస్తే దీని విలువ తెలుస్తుంది. ఓ విమానం రోజుకు 6 ట్రిప్పులు వేస్తుందనుకుందాం. మధ్యలో 5 సార్లు నేలమీద ఆగాలి. ఒక్కో ఆగుడులో 15 నిమిషాలు మిగిలితే 75 నిమిషాలు చేతికొస్తాయి. హైదరాబాద్ నుంచి విశాఖకు ఎగిరే సమయం దాదాపు అంతే. అంటే అదే అద్దె, అదే విమానం, రోజుకు దాదాపు ఒక ట్రిప్పు అదనం. అలాంటివి 400 విమానాలు, 365 రోజులు. లీజు బేరంలో మిగిలే డబ్బు ఒక్కసారి వస్తుంది. ఈ నిమిషాల డబ్బు ప్రతి పూటా వస్తుంది. అది ఎవరి ఒంటి కష్టం మీద వస్తుందో బ్యాలెన్స్ షీట్‌లో కనిపించదు.

నిమిషాలు మిగిల్చే ఈ విద్య పుట్టింది అమెరికాలోని టెక్సస్‌లో. సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ అనగానే సిగరెట్టు, విస్కీ, నవ్వుల హెర్బ్ కెలెహర్ ఫొటో కళ్లముందుకొస్తుంది. కోర్టుల్లో నాలుగేళ్లు పోరాడి ఆ కంపెనీని ఎగరనిచ్చిన న్యాయవాది ఆయన, తర్వాత రెండు దశాబ్దాలు సీఈఓ. అయితే 1971లో విమానాలు లేచినప్పుడు నడిపింది లామర్ మ్యూజ్. ఆలోచనతో కెలెహర్ దగ్గరికి వచ్చింది రోలిన్ కింగ్. ఆ ఆలోచనకు నమూనా కాలిఫోర్నియాలో ఎప్పటినుంచో తిరుగుతున్న పీఎస్ఏ అనే సంస్థ. 1972లో డబ్బు లేక నాలుగు విమానాల్లో ఒకటి అమ్మేయాల్సి వచ్చినప్పుడు, మూడింటితోనే నాలుగింటి పని చేయిస్తామని పూనుకున్నవాళ్లు నేలమీద పనిచేసే సిబ్బంది, వాళ్ల అధిపతి బిల్ ఫ్రాంక్లిన్. పది నిమిషాల్లో విమానాన్ని తిప్పి పంపడం అలా పుట్టింది. ప్రపంచంలోని ప్రతి చౌక విమాన సంస్థా, ఐర్లండ్ రయన్ఎయిర్ నుంచి మన ఇండిగో దాకా, ఆ పది నిమిషాలకు వారసులే.

కెలెహర్‌కు ఈ సంగతి తెలుసు. ఆయన గొప్పతనం అక్కడే. 1973లో లాభం మొదలైన ఏడాదే సౌత్‌వెస్ట్ ఉద్యోగులకు లాభంలో వాటా పథకం పెట్టింది. అమెరికా విమాన సంస్థల్లో అదే మొదటిది. ఘనత పంచడమంటే వేదిక మీద చప్పట్లు కొట్టించడం కాదనీ, ఏటా లెక్కగట్టి చేతిలో పెట్టడమనీ ఆ కంపెనీ చూపించింది. 1973 నుంచి 2019 దాకా 47 ఏళ్లు ఒక్క ఏడాది కూడా నష్టం చూడలేదు. రెండింటికీ సంబంధం లేదనడం కష్టం.

ప్రభుత్వాలకూ, కాలానికీ దక్కాల్సిన వాటా ఉంది. 1953లో విమానయానాన్ని జాతీయం చేసిన చట్టాన్ని 1994లో రద్దు చేయకపోతే షెడ్యూల్డ్ విమాన సంస్థగా ప్రైవేటు కంపెనీకి చోటే ఉండేది కాదు. పాత బేగంపేట లాంటి ఇరుకు విమానాశ్రయాలతో వందలాది విమానాలు తిరిగేవి కావు. 2008లో శంషాబాద్, 2010లో ఢిల్లీ మూడో టెర్మినల్ వచ్చాయి. ఆ రెండూ కట్టింది శ్రీకాకుళం గడ్డ నుంచి వెళ్లిన గ్రంధి మల్లికార్జునరావు కంపెనీ జీఎంఆర్. పోటీదారుల పతనమూ కలిసొచ్చింది. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ మూతపడినప్పుడు వాళ్ల ప్రయాణికులు, పైలట్లు, విమానాశ్రయాల్లో ఖాళీ అయిన వేళలు మిగిలినవాళ్లకు దక్కాయి. అందులో ఎక్కువ పట్టుకోగలిగింది అప్పటికే విమానాలు సిద్ధంగా ఉన్న ఇండిగో. చిన్న ఊళ్లకు వస్తే ప్రజల సొమ్ము నేరుగానే పనిచేసింది. కడపకు విమానాలు నడిపిన హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ 2022లో ఆగిపోయాక, లోటు భర్తీ చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంటేనే ఇండిగో ఏటీఆర్‌లు అక్కడ దిగాయి.

ఇన్ని చేతులు కలిసిన విజయంలో లాభం పంచేటప్పుడు వాటాదారులు గుర్తొస్తారు, నష్టం పంచేటప్పుడు మాత్రం ఉద్యోగులు గుర్తొస్తారు. కోవిడ్‌లో 2020 జులైలో ఇండిగో ప్రతి పదిమందిలో ఒకరిని తీసేసింది. మిగిలినవాళ్ల జీతాలు కోసింది, జీతం లేని సెలవులు ఇచ్చింది. విమానాలే ఎగరని రోజులవి, రెండేళ్లలో దాదాపు 12 వేల కోట్ల నష్టం. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ ప్రయాణికులు తిరిగొచ్చాక కూడా కోతలు పూర్తిగా వెనక్కి పోలేదు. 2022 ఏప్రిల్‌లో జీతాల మీద సమ్మె ఆలోచన చేశారని కొందరు పైలట్లను సస్పెండ్ చేశారు. అదే ఏడాది జులై 2న క్యాబిన్ క్రూ పెద్ద సంఖ్యలో అనారోగ్య సెలవు పెట్టేశారు. ఆరోజు ఎయిర్ ఇండియా ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. వేళకు బయల్దేరడమే తన ముఖమని చెప్పుకునే సంస్థ విమానాల్లో సగానికి పైగా ఆ ఒక్క రోజు ఆలస్యమయ్యాయి. హెచ్చరిక అప్పుడే మోగింది.

అసలు పరీక్ష 2025 డిసెంబర్‌లో వచ్చింది. అలసటతో విమానం నడపడం ప్రమాదమని పైలట్ల సంఘాలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో కొత్త పనివేళల నియమాలు ప్రకటించింది. వారానికి విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరగాలి. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం 5 దాకా కాకుండా 6 దాకా లెక్క వేయాలి. రాత్రి వేళ ల్యాండింగ్‌ల పరిమితి 6 నుంచి 2కి తగ్గాలి. విమాన సంస్థలు వ్యతిరేకించడంతో అమలు వాయిదా పడింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది. చివరికి మొదటి విడత 2025 జులైలో, రెండో విడత నవంబర్ 1న అమల్లోకి వచ్చాయి. సిద్ధం కావడానికి అందరికీ దాదాపు రెండేళ్ల వ్యవధి దొరికినట్లే.

డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో సిబ్బంది పనివేళల పట్టికలు, అంటే రోస్టర్లు, కుప్పకూలాయి. విమానాలున్నాయి, ప్రయాణికులున్నారు, నడపడానికి విశ్రాంతి తీసుకున్న పైలట్లు లేరు. 3 నుంచి 5వ తేదీ వరకు, మూడు రోజుల్లో 2,507 విమానాలు రద్దయ్యాయి, ఇంకా 1,852 ఆలస్యమయ్యాయి, 3 లక్షలకు పైగా జనం ఇరుక్కుపోయారని డీజీసీఏయే తేల్చింది. మండల దీక్షల కాలం కావడంతో శబరిమల బయల్దేరిన అయ్యప్ప స్వాములు ఇరుముడులతో శంషాబాద్‌లో గంటల తరబడి చిక్కుకుని గేటు దగ్గర బైఠాయించారు. పెళ్లికి, పరీక్షకు, ఆస్పత్రికి వెళ్లాల్సినవాళ్లు నేలమీద దుప్పట్లు పరుచుకున్నారు. మిగతా సంస్థల టికెట్లు ఆకాశాన్నంటడంతో కేంద్రం ఛార్జీలకు గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చింది. 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,500 దాటితే 18,000. శ్రీకాకుళం ఎంపీ అయిన విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు పార్లమెంటులో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇండిగోకు రాత్రి పని నియమాల నుంచి ఫిబ్రవరి 10 దాకా తాత్కాలిక మినహాయింపు దొరికింది, షెడ్యూల్‌లో 10 శాతం కోత పడింది.

విచారణ తర్వాత డీజీసీఏ చెప్పిన కారణాల్లో మొదటిది, ఉన్న వనరులను చివరి చుక్క దాకా పిండేలా కార్యకలాపాలను బిగించడం. నియమాలకు సరిగా సిద్ధం కాకపోవడం, సాఫ్ట్‌వేర్ లోపాలు, యాజమాన్య లోపాలు ఆ తర్వాతివి. జరిమానా 22.20 కోట్లు. 2024–25 లాభం లెక్కన అది కంపెనీ ఒక రోజు సంపాదనకు కాస్త ఎక్కువ.

ఎవరి ఘనత అన్న ప్రశ్నకు ఈ మూడు రోజులు ఇచ్చినంత సూటి జవాబు ఏ మేనేజ్‌మెంట్ పుస్తకమూ ఇవ్వలేదు. గంగ్వాల్ వెళ్లిపోతే విమానాలు ఎగిరాయి. ఘోష్ 2018లో తప్పుకుంటే ఎగిరాయి. ఇంజిన్లు చెడి 70కి పైగా విమానాలు ఆగినా మిగిలినవి ఎగిరాయి. పైలట్ల విశ్రాంతి నియమాలు పూర్తిగా అమల్లోకి వచ్చిన నెలకే దేశంలో అతిపెద్ద విమాన సంస్థ చతికిలబడింది. అంటే అన్నాళ్లూ ఆ విశ్రాంతి గంటలు ఎవరి దగ్గర నుంచి వస్తున్నాయి? తక్కువ ఖర్చులో కొంత భాగం తెలివైన బేరం, కొంత భాగం క్రమశిక్షణ. ఇంకొంత భాగం మనుషుల విశ్రాంతి నుంచి తీసుకున్న అప్పు. ఆ అప్పు తీర్చమని చట్టం అడిగిన రోజు ఖజానాలో మిగులు లేదు.

దీనికి రోస్టర్ ప్లానింగ్ లోపమే కారణం, పైలట్లు తగినంతమంది ఉన్నారు, సర్దుబాటే సరిగా జరగలేదు అనేవాళ్లూ ఉన్నారు. అది కొంతవరకు నిజం. కానీ సర్దుబాటు లోపం ఇంత పెద్ద కూలుడుకు దారితీసిందంటే మధ్యలో సాగడానికి ఖాళీ లేదనే కదా అర్థం. సౌత్‌వెస్ట్‌కూ ఇదే అనుభవం. 2022 డిసెంబర్‌లో మంచు తుపానుకు మిగతా సంస్థలు రెండు మూడు రోజుల్లో తేరుకుంటే, సౌత్‌వెస్ట్ 16 వేలకు పైగా విమానాలు రద్దు చేసింది. సిబ్బందిని సర్దే పాత సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది. దాన్ని మార్చమని పైలట్ల సంఘం ముందునుంచే చెబుతూ వచ్చింది. అమెరికా రవాణా శాఖ 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. కెలెహర్ కాలంలో నేలమీద మనిషి మాట వినే అలవాటున్న కంపెనీకే ఆ అలవాటు సడలాక ఆ గతి పట్టింది.

ఇండిగో ముందున్న పని ఇప్పుడు ఇంకా పెద్దది. వందలాది విమానాలు ఇంకా రావాల్సి ఉన్నాయి. యూరప్, అమెరికా దూరాల కోసం పెద్ద ఏ350లు కూడా ఆర్డర్‌లో ఉన్నాయి. ఒక్కో చిన్న విమానాన్ని రోజంతా నడపాలంటేనే పదిమందికి తగ్గకుండా పైలట్లు కావాలి. పెద్దవాటికి ఇంకా ఎక్కువ. హైదరాబాద్ బేగంపేటలోనో, విదేశాల్లోనో అప్పుచేసి లైసెన్స్ తెచ్చుకున్న కుర్రాళ్లు ఉద్యోగం కోసం ఏళ్లు ఎదురుచూస్తున్న దేశమిది. కొరత ఎక్కడుందో కంపెనీ లెక్కల్లో బయటపెడితే వాళ్లకూ తెలుస్తుంది.

కొత్త విమానాల ఆర్డర్ ప్రకటించే రోజునే వాటికి కావాల్సిన పైలట్లు, క్రూ, ఇంజినీర్లు ఎప్పటికి ఎంతమంది సిద్ధమవుతారో బోర్డు ప్రకటించాలి. అలసట మీద పైలట్లు ఇచ్చిన ఫిర్యాదులు ఏటా ఎన్ని, వాటిలో ఎన్నింటిని ఒప్పుకున్నారు, ఎన్నింటిని తోసిపుచ్చారు అన్నది వార్షిక నివేదికలో ఉండాలి. లోడర్ నుంచి కెప్టెన్ దాకా అందరికీ వర్తించేలా, లాభం వచ్చిన ఏడాది ఇంత శాతం అని ముందే రాసిపెట్టిన వాటా పథకం కావాలి. 7,258 కోట్లలో 5 శాతం తీసినా 360 కోట్లు దాటుతుంది. నియమాలు రాసేటప్పుడు డీజీసీఏ విమాన సంస్థల మాట విన్నంత ఓపికగా సిబ్బంది సంఘాల మాటా వినాలి. ఈసారి మినహాయింపు కోరుతూ వచ్చిన సంస్థను ముందు అడగాల్సింది, గడిచిన రెండేళ్లలో ఎంతమంది పైలట్లను కొత్తగా తీసుకున్నారో చూపించమని.